ఖర్దుంగ్ లా ఎక్కబోయే పాలమూరు సైక్లిస్టుకు: నొప్పి ఒకచోట, కారణం మరోచోట

మహబూబ్‌నగర్, జడ్చర్ల, నల్లగొండ రోడ్ల మీద తెల్లవారుజామున రోడ్ బైక్ తొక్కే యువకులు ఈ మధ్య బాగా పెరిగారు. ఆరు నెలలు తొక్కి, ఒక్క పూటలో వంద కిలోమీటర్లు పూర్తి చేశాక వాళ్ళ నోట వచ్చే పేరు ఒకటే: ఖర్దుంగ్ లా. లద్దాఖీలో ‘లా’ అంటే కనుమ. లద్దాఖ్‌లోని లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఈ కనుమ 5,359 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మధ్యలో దారి సుమారు 40 కిలోమీటర్లు.

లెక్క వేసి చూడండి. ప్రతి వంద మీటర్ల దూరానికి పెరిగే ఎత్తు సగటున అయిదు మీటర్ల లోపే. మన మన్యంకొండ ఘాట్ రోడ్డులో ఇంతకంటే నిటారుగా ఉండే మలుపులున్నాయి. అయినా నా మొదటి ప్రయత్నం దారిలో సగం పైన వచ్చే సౌత్ పుల్లు చెక్‌పోస్టు దాటిన మూడో కిలోమీటరులో ఆగిపోయింది. రెండోసారి వెళ్ళినప్పుడు పైకి చేరాను. ఆ రెండు ప్రయాణాల్లోనూ, ఆ తరువాత మా ఊరి పిల్లలతో కలిసి సాధన చేస్తున్నప్పుడూ నాకు స్పష్టంగా తెలిసిందేమిటంటే, బాధ పుట్టేది ఒకచోట, బయటపడేది మరోచోట. మోకాలు నొప్పి పెడితే తప్పు గేరులో ఉంటుంది. కాళ్ళు మొరాయిస్తే మొన్న దిగిన విమానంలో ఉంటుంది. అందుకే ఇంటి దగ్గర మొదలుపెట్టి కనుమ దాకా, లక్షణాలు ఏ వరుసలో ఎదురవుతాయో ఆ వరుసలోనే రాస్తున్నాను.

ఎక్కడం మొదలుపెట్టిన పది నిమిషాలకే ఊపిరి అందడం లేదు

మా దగ్గర సాధన చేసే డిగ్రీ విద్యార్థి ఒకడు మన్యంకొండ మొదటి మలుపులోనే ఆగిపోయి, “అన్నా, కాళ్ళలో బలం ఉంది, ఊపిరే చాలడం లేదు” అన్నాడు. అతని గుండెలో లోపం లేదు, ఊపిరితిత్తుల్లో లోపం లేదు. లోపమంతా అలవాటులో ఉంది.

చదును రోడ్డు మీద నేర్చుకున్నవాళ్ళం మనం. మీటరులో గంటకు 28 అని కనిపిస్తే సంతోషం, 22 కు పడిపోతే అవమానం. గుట్ట మొదలయ్యాక కూడా ఆ అంకెను పట్టుకుని వేలాడతాం. చదునులో మనతో పోరాడేది గాలి, వేగం తగ్గించుకుంటే అది వెంటనే వదిలేస్తుంది. ఎత్తులో పోరాడేది మన సొంత బరువు. వేగం ఎంత పెంచితే దాని పని అంత పెరుగుతుంది. మొదటి పది నిమిషాల్లో చేసిన అప్పు గంట గడిచినా తీరదు.

దీనికి నేను వాడేది ఎక్కాల పరీక్ష. పన్నెండో ఎక్కం పైకి చదవండి. “పన్నెండు ఒకట్ల పన్నెండు, పన్నెండు రెండ్ల ఇరవై నాలుగు, పన్నెండు మూళ్ళ ముప్పై ఆరు” అని మూడు వరుసలు ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే మీ వేగం సరైనది. ఒక వరుసకే ఊపిరి తీసుకోవలసి వస్తే ఎక్కువైంది, వెంటనే తగ్గించండి. మీటరు మీద చిన్న కాగితం అంటించి వేగం కనిపించకుండా చేయండి. ఆ విద్యార్థికి ఇదే చెప్పాను. మూడో వారానికి ఆగకుండా గుడి దాకా వచ్చాడు.

సాధనకు దూరం వెళ్ళనవసరం లేదు. మహబూబ్‌నగర్ వాళ్ళకు మన్యంకొండ ఉంది. నల్లగొండ వాళ్ళకు నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు ఉంది. రెండూ చిన్నవే కాబట్టి ఒకే ఉదయం నాలుగైదు సార్లు ఎక్కి దిగండి. ఆదివారం పూట అచ్చంపేట దాటి హాజీపూర్ నుంచి మన్ననూర్ ఘాట్ ఎక్కండి. మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు ఆ రోడ్డు మూసి ఉంటుంది కాబట్టి ఆ సంగతి చూసుకుని బయలుదేరండి.

ఊపిరి బాగానే ఉంది, తొడలు మండిపోతున్నాయి

ఇది గేరు సమస్య. కొత్తవాళ్ళు ఒప్పుకోని కారణం కూడా ఇదే. “ఇంకొంచెం బలం పెంచుకుంటే సరిపోతుంది” అంటారు. బలం తప్పకుండా పెంచుకోండి, కానీ దానికంటే ముందుగా, వెనక ఉన్న గేరు చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి.

ముందు 34 పళ్ళు, వెనక పెద్ద చక్రానికి 28 పళ్ళు ఉన్న సైకిల్‌ను నిమిషానికి అరవై సార్లు తొక్కితే గంటకు తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు వేగం వస్తుంది. కాళ్ళు ఆ లయలోనే ఆడాలంటే అంతకంటే నెమ్మదిగా వెళ్ళడానికి వీలు లేదు. అదే వెనక 34 పళ్ళు వేస్తే ఏడున్నర చాలు. అంటే 28 పళ్ళ గేరు మీ నుంచి అయిదో వంతు ఎక్కువ శక్తి అడుగుతోంది. ఆక్సిజన్ సగానికి దగ్గరగా పడిపోయే చోట ఆ అయిదో వంతే మిమ్మల్ని సైకిల్ దించుతుంది. నా మొదటి ప్రయత్నంలో 28 పళ్ళతో వెళ్ళాను. సౌత్ పుల్లు తరువాత ప్రతి తొక్కుకూ నిలబడవలసి వచ్చింది. నిలబడి తొక్కితే ఊపిరి ఇంకా ఖర్చవుతుంది.

కాబట్టి 11-34 క్యాసెట్ (చిన్నదానికి 11, పెద్దదానికి 34 పళ్ళున్న వెనక గేరు చక్రాల గుత్తి) వేయించండి. వేయించే ముందు మీ వెనక డిరైలర్, అంటే చైన్‌ను ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే పరికరం, అంత పెద్ద చక్రాన్ని మోయగలదో లేదో మెకానిక్‌ను అడగండి. చాలా రోడ్ బైకులకు పొడవు చేయి ఉన్న డిరైలర్, కొత్త చైన్ కూడా మార్చాలి. ఖర్చు కొంత ఎక్కువే. కానీ తేలికపాటి చక్రాలకూ ఖరీదైన బూట్లకూ పెట్టే డబ్బు ముందు ఇక్కడ పెట్టండి.

కొత్త క్యాసెట్ వేశాక చిన్న గేరులో కటకట శబ్దం, లేదా చైన్ చువ్వల్లోకి జారడం

డిరైలర్ లోపలి హద్దును పట్టి ఉంచే స్క్రూను కొత్త చక్రానికి తగ్గట్టు సరిచేయలేదు. చైన్ చువ్వల్లో పడితే చక్రం పట్టేసి మనిషి పడిపోతాడు కాబట్టి దీన్ని రోడ్డు మీద పరీక్షించకూడదు. సైకిల్‌ను స్టాండ్ మీద పెట్టి, పెడల్ చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ మార్చి చూడండి. విమానంలో తీసుకెళ్ళి లేహ్‌లో మళ్ళీ బిగించాక ఇంకోసారి చూడండి. పెట్టెలో డిరైలర్‌ను పట్టి ఉంచే కొక్కెం వంగడం చాలా మామూలు.

మోకాలు నొప్పి

ముందువైపు, చిప్ప దగ్గర నొప్పి ఉంటే చాలాసార్లు సీటు తక్కువగా ఉండటమో, బరువు గేరులో నెమ్మదిగా తొక్కడమో కారణం. వెనకవైపు నొప్పి ఉంటే సీటు ఎక్కువ ఎత్తులో ఉందని అనుమానించండి. మడమను పెడల్ మీద ఉంచి కిందికి తెచ్చినప్పుడు కాలు పూర్తిగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఒకేసారి అయిదు మిల్లీమీటర్లకు మించి మార్చవద్దు. రెండు వారాలకూ తగ్గకపోతే వైద్యుణ్ణి కలవండి. నొప్పితో లేహ్ వెళ్ళవద్దు.

రెండు గంటలు బాగా తొక్కి, ఉన్నట్టుండి ఒళ్ళు ఖాళీ అయిపోవడం

తిండి సమస్య. ఉదయం జొన్నరొట్టె తిని బయలుదేరాం కదా అని ధైర్యంగా ఉంటాం. జొన్నరొట్టె మంచిదే, కానీ అది ముందురోజు రాత్రికి. ఎక్కేటప్పుడు కండరాలకు వెంటనే దొరికే పిండిపదార్థం గంటకు 40 నుంచి 60 గ్రాములు కావాలి. మామూలు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. ఒక అరటిపండు, కొంచెం బెల్లం, నాలుగైదు ఖర్జూరాలు గంటకు సరిపోతాయి. పల్లిపట్టీ అందరికీ ఇష్టమే, కానీ పల్లీల్లో నూనె ఎక్కువ కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది. దాన్ని దిగేటప్పటికి ఉంచుకోండి. ఆకలి వేయకముందే, ప్రతి ఇరవై నిమిషాలకు కొంచెం తినాలి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అందుకే గడియారం చూసి తినాలి.

మే నెల ఎండలో సాధన చేస్తుంటే ఉప్పు కూడా పోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ రెండూ పనికొస్తాయి. ఉత్త నీళ్ళు మాత్రం చాలవు.

లేహ్‌లో దిగిన రాత్రి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం

అన్నిటికంటే ఎక్కువ మంది ఓడిపోయేది ఇక్కడే, సైకిల్ ఎక్కకముందే. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఉదయం శంషాబాద్‌లో విమానం ఎక్కి ఢిల్లీ మీదుగా లేహ్ చేరితే ఒక్క రోజులో మూడు వేల మీటర్లు పైకి వెళ్ళినట్టు. శరీరానికి అది తెలియదు. తక్కువ ఆక్సిజన్‌కు తగ్గట్టు ఊపిరి వేగం, రక్తం తీరు మారడానికి రోజులు పడుతుంది. దేహదారుఢ్యం ఇందులో రక్షణ కాదు. బలమైనవాళ్ళే తొందరపడి ముందు జబ్బుపడటం చూశాను.

మొదటి రెండు రోజులు సైకిల్ పెట్టె విప్పవద్దు. నడక, నీళ్ళు, నిద్ర, అంతే. మద్యం వద్దు, నిద్రమాత్రలు వద్దు. మూడో రోజు లేహ్ చుట్టూ తేలికగా తొక్కండి. నాలుగో రోజు సౌత్ పుల్లు వైపు కొంత దూరం ఎక్కి తిరిగి వచ్చేయండి. పగలు పైకి వెళ్ళి రాత్రి కిందికి వచ్చి పడుకోవడం శరీరానికి మంచి అభ్యాసం. ఆరో రోజుకు ముందు కనుమ తలపెట్టవద్దు. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి ఇంటి దగ్గరే వైద్యుణ్ణి అడగండి. స్నేహితుడి జేబులోంచి తీసుకుని మింగవద్దు. తలనొప్పి, వికారం ఉన్నంతవరకు ఇంకా పైకి వెళ్ళకూడదన్నది మార్చరాని నియమం.

ఎత్తైన కొండలు మనవాళ్ళకు సరిపడవని అనేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ మాట నచ్చదు. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పిల్ల. ఆమె మొదట బండ ఎక్కడం నేర్చుకున్నది అప్పటి నల్లగొండ జిల్లాలోని భువనగిరి కోట రాతి మీద. ఆపైన హిమాలయాల్లో శరీరాన్ని ఎత్తుకు అలవాటు చేశారు. మనకు లేనిది సామర్థ్యం కాదు, సెలవు రోజులు. పది రోజుల సెలవు దొరకకపోతే ఆ ఏడాదికి ప్రయాణం వాయిదా వేసుకోండి.

సౌత్ పుల్లు దాటాక ప్రతి రెండు వందల మీటర్లకూ ఆగవలసి రావడం

సౌత్ పుల్లు లేహ్ నుంచి సుమారు 24 కిలోమీటర్లు. అక్కడ చెక్‌పోస్టు, టీ దుకాణాలు ఉంటాయి. ఆపైన మిగిలిన పదిహేను కిలోమీటర్లలో రోడ్డు కొన్నిచోట్ల మంచు కరిగిన నీటితో పాడై ఉంటుంది. కనుమ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగం.

ఆగడం తప్పు కాదు. ఒళ్ళు విరిగేదాకా తొక్కి ఆగడం తప్పు. అలసిపోయాక ఆగితే అయిదు నిమిషాలైనా ఊపిరి కుదురుకోదు. అలసిపోకముందే, రాళ్ళు చూసి ముందే నిర్ణయించుకున్న చోట ఒక్క నిమిషం ఆగండి. రెండో ప్రయత్నంలో నేను ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా ఆగాను, ఊపిరి బాగున్నా ఆగాను. ఎక్కం ఇక్కడ ఒక్క ఊపిరికి ఒక వరుసే వచ్చింది. అంత ఎత్తులో అది చాలు.

ఉదయం అయిదున్నరకు లేహ్ వదలండి. మధ్యాహ్నం దాటితే పైన గాలి పెరుగుతుంది, జూలైలోనూ మంచు పడవచ్చు. పన్నెండున్నరకల్లా సౌత్ పుల్లు నుంచి సగం దూరం దాటకపోతే తిరిగి రావాలని ముందే ఒప్పందం చేసుకోండి, తోడు వచ్చిన వాహనం డ్రైవరుకు కూడా చెప్పి ఉంచండి.

ఎక్కం తప్పిపోతోంది

పన్నెండు ఏడ్ల ఎంత అన్నది గుర్తు రాకపోయినా, వరుస తారుమారైనా, నవ్వుకుని ముందుకు వెళ్ళవద్దు. సైకిల్ దిగి, రోడ్డు పక్కన గీత ఉన్నట్టు ఊహించుకుని, మడమకు వేలు తాకేలా పది అడుగులు నడవండి. తూలితే, మాట తడబడితే, ఏమీ చేయకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గులో నురగ కనిపిస్తే, అది అలసట కాదు. మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతున్న సూచన, ప్రాణాంతకం. వాహనంలో వెంటనే కిందికి దిగి ఆస్పత్రికి వెళ్ళాలి. కనుమ రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నా సరే. ఈ స్థితిలో నిర్ణయం మీకు వదలకూడదు, తోడున్నవాళ్ళు తీసుకోవాలి. అందుకే ఒంటరిగా వెళ్ళవద్దంటున్నాను.

పైకి చేరాక చేతులు మొద్దుబారడం, దిగేటప్పుడు బ్రేకులు సరిగా పట్టకపోవడం

కనుమ దగ్గర అరగంటకు మించి ఉండవద్దు. చెమట తడిసిన బనియను మార్చుకుని, గాలి చొరని జాకెట్, మందపాటి గ్లవ్స్ వేసుకున్నాకే దిగడం మొదలుపెట్టండి. వేళ్ళు మొద్దుబారితే బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలియదు.

చక్రం అంచును పట్టే బ్రేకులైతే ఎప్పుడూ నొక్కి ఉంచవద్దు. అంచు వేడెక్కితే లోపలి ట్యూబు పేలవచ్చు. మలుపుకు ముందు గట్టిగా పట్టి వదలండి, ముందు బ్రేకు, వెనక బ్రేకు మార్చి మార్చి వాడండి. సౌత్ పుల్లులో ఆగి, వేడి టీ తాగుతూ, చక్రం అంచు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. సెగ తగులుతుంటే చల్లారేదాకా ఆగండి. మిగిలిన 24 కిలోమీటర్లూ దిగుడే.