హింసలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థన: పేరు, ఊరు, వాయిదా తేదీ తెలుసుకుని చేయండి

"ప్రభువా, ప్రపంచమంతటా శ్రమపడుతున్న నీ బిడ్డల్ని జ్ఞాపకం చేసుకో" అని ఒక్క ముక్కలో ముగించి, వెంటనే వర్షాల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థనలోకి వెళ్లిపోతాం. చాలా సంఘాల్లో జరిగేది ఇదే. అది తప్పని అనను గానీ, ఎవరి కోసం అడుగుతున్నామో మనకే తెలియకపోతే ఆ భారం వారం కూడా నిలవదు. కాబట్టి యాభై దేశాల లిస్టు పక్కన పెట్టి, ఒక మనిషినో ఒక ఊరినో పట్టుకోండి.

ఎలాగో చెప్పడానికి ఆసియా బీబీ కేసు తీసుకుంటాను, మొదటి నుంచి చివరిదాకా లోకానికి తెలిసిన కేసు కనుక. పాకిస్తాన్ పంజాబ్‌లో షేఖుపురా జిల్లా, 2009 జూన్, ఫల్సా పండ్లు కోసే కూలిపని. ఎండలో ఆమె నీళ్లు తోడి అక్కడున్న గ్లాసుతో తాగింది, క్రైస్తవురాలు ముట్టుకున్న నీళ్లు మేం తాగం అన్నారు తోటి ఆడవాళ్లు. మాటా మాటా పెరిగింది. కొద్దిరోజుల్లోనే ప్రవక్తను దూషించిందని కేసు, అరెస్టు. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మన పల్లెలవాళ్లకి ఈ గొడవ దేని గురించో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడి క్రైస్తవుల్లో చాలామంది పూర్వీకులు అంటరానివాళ్లుగా బతికినవాళ్లే. 1878లో ఒంగోలు దగ్గర మాదిగలు వేలల్లో బాప్తిస్మం తీసుకున్న ఆ కాలంలోనే పంజాబ్‌లోని సియాల్‌కోట్ వైపు కూడా అలాంటి కదలిక మొదలైంది. ఈపాటి చదివి మోకాళ్లూనితే ప్రార్థనలో మాటల కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

తర్వాత తేదీలు. ఇవి ముఖ్యం. 2010 నవంబర్‌లో ఆమెకు ఉరిశిక్ష పడింది, 2014లో లాహోర్ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది, 2018 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. రోడ్ల మీద గొడవలు చల్లారి, రివ్యూ పిటిషన్ కూడా పోయి, ఆమె కెనడా చేరేసరికి 2019 మే అయింది. శిక్ష పడిన వారం అందరూ ప్రార్థిస్తారు, సరే. ఏ వార్తా రాని 2012లో, 2013లో? మన పక్కనే ఒడిశా కందమాల్ చూడండి, క్రైస్తవుల మీద దాడులు జరిగింది 2008 ఆగస్టులో, అదనపు పరిహారం ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పింది 2016లో. అందుకే గోడ క్యాలెండర్ మీద వాయిదా తేదీ రాసుకోండి, తేదీ తెలియకపోతే నెలకో రోజు మీరే పెట్టుకోండి. శుక్రవారం ఉపవాస కూడికలో ఒకే ఒక్క పేరు మీద పది నిమిషాలు గడిపితే చాలు.

ఏమడగాలి? విడుదల అడగండి, మొహమాటం ఎందుకు. కానీ అక్కడితో ఆపేయకండి. సంకెళ్లలో ఉన్న పౌలు ఎఫెసీ సంఘాన్ని అడిగింది ధైర్యంగా మాట్లాడేలా తన కోసం ప్రార్థించమని. జైల్లో నిద్ర పట్టాలని, తిండిలో విషం కలపకుండా ఉండాలని, పిల్లల చదువు ఆగకూడదని అడగండి. జడ్జి కోసం, లాయరు కోసం కూడా. ఆసియా తరఫున సుప్రీంకోర్టులో వాదించిన సైఫుల్ మలూక్ ముస్లిం, తీర్పు తర్వాత ప్రాణభయంతో దేశం వదిలి వెళ్లాల్సొచ్చింది. ఆమె పక్షాన మాట్లాడిన అక్కడి పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్ కూడా ముస్లిమే, 2011 జనవరి 4న సొంత బాడీగార్డే కాల్చి చంపాడు. రెండు నెలలు తిరక్కుండానే క్రైస్తవ మంత్రి షాబాజ్ భట్టీని చంపేశారు. ఇదంతా తెలిసి కూడా మైకు పట్టుకుని ఒక మతం మొత్తాన్ని తిట్టే ప్రార్థన చేస్తున్నామంటే, మనం అసలు ఎవరి పక్షాన ఉన్నట్టు?

ఇక వాట్సాప్. ఆఫ్ఘనిస్తాన్‌లో మిషనరీలకు రేపే మరణశిక్ష, అందరికీ పంపండి అనే మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. తేదీ, ఊరు, ఎవరు చెప్పారో లేని మెసేజ్ ఫార్వర్డ్ చేయకండి. నిజమైన వార్త అయితే ఇంకా జాగ్రత్త. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన వాళ్ల ఫోటో, ఊరు, కూడుకునే ఇల్లు పొరపాటున కూడా గ్రూపులో పెట్టొద్దు. మనకు అది ప్రార్థన అంశం, అదే స్క్రీన్‌షాట్ అవతలివాడి చేతిలో పడితే అడ్రస్ అవుతుంది. బాధితుల కుటుంబం తానే పేరు బయటపెడితేనే మీరూ పేరు వాడండి.

డబ్బు విషయం కొంచెం కటువుగానే చెప్తాను. ఏడుస్తున్న పిల్లల ఫోటో కింద ఎవరిదో క్యూఆర్ కోడ్ ఉంటే పంపొద్దు. రిజిస్టర్ అయి, రసీదు ఇచ్చి, లెక్కలు చూపించే సంస్థకే ఇవ్వండి, లాయరు ఫీజు లాంటి ఒక అవసరం పేరు చెప్పి ఇస్తే ఇంకా మంచిది. మన దగ్గర్లోనే ఎవరి మీదైనా దాడి జరిగితే డబ్బు కంటే ముందు మనిషి కావాలి. 112కి ఫోన్ చేయడం, ఆసుపత్రి కాగితాలు జాగ్రత్త చేయడం, స్టేషన్‌కి తోడు వెళ్లి ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తీసుకోవడం ఎవరో ఒకరు చేయాలి కదా. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి న్యాయసేవా సంస్థ ద్వారా లాయరును ఉచితంగా ఇస్తారు, హెల్ప్‌లైన్ 15100.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇంకో పని చేయగలరు. లండన్‌లోనో టొరంటోలోనో ఉంటే మీ ఎంపీకి ఒక పేజీ ఉత్తరం రాయండి, ఒక్క పేరు, ఒక్క కేసు, ఒక్క అభ్యర్థన. జైల్లో ఉన్నవాళ్లకి రాసేటప్పుడు మాత్రం వాళ్ల ప్రభుత్వాన్ని గానీ మతాన్ని గానీ ఒక్క మాట అనకండి, ముందు చదివేది జైలు అధికారే. నాలుగు లైన్ల పలకరింపు, మీ పిల్లలు గీసిన బొమ్మ సరిపోతాయి.

ఎవరిని ఎంచుకోవాలో తేలకపోతే రెండు పేర్లు ఇస్తాను. నైజీరియాలోని దాప్చి బడి నుంచి 2018 ఫిబ్రవరిలో ఉగ్రవాదులు ఎత్తుకెళ్లిన లియా షరీబు, తోటి పిల్లల్ని వదిలేసినా విశ్వాసం వదలనందుకు ఆమెను వదల్లేదు. ఇంకొకరు చైనాలోని చెంగ్డూ పాస్టర్ వాంగ్ యీ, 2019 డిసెంబర్‌లో తొమ్మిదేళ్ల శిక్ష పడింది. ఈ వారం ఒకరి గురించి చదవండి, ఆదివారం ప్రార్థన అంశాలు చదివే ముందే పాస్టర్ గారికి ఆ పేరు చీటీ మీద రాసివ్వండి.