హారర్ కామిక్ గీద్దాం, 4వ పాఠం: గోడ మీద నీళ్ల గీత

పోయిన పాఠంలో 1, 2 పేజీలు అయిపోయినాయి కదా, పెళ్లి ఫోటో, ఇల్లు, మొగుడూ పెళ్లాల మొహాలు, ఆ పేపర్లు ముందర పెట్టుకోండి, ఈసారి 3, 4 పేజీలు, అసలు భయం ఇక్కడ మొదలయితాది.

ఇల్లు కర్నూలు పాతబస్తీలోది అనుకున్నాం. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినాయి, నీళ్లు పోయినాక గోడల మీద బురద గీత మిగిలిపోయింది, మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఎన్నిసార్లు సున్నం కొట్టినా వాన పడితే ఆ గీత మళ్లీ తేలేది. నేను చిన్నపిల్లని, అది నా తలకన్నా చానా పైన ఉండేది, ఆ గదిలో ఒక్కదాన్నే పడుకోవాలంటే ఏడ్చేదాన్ని. మన కథలో దయ్యం ఆ గీతే. మొగుడూ పెళ్లాల్లో ఎవరో ఒకరు ఒక మాట మింగిన ప్రతిసారీ అది వేలెడు పైకి జరగాల. వాళ్లకి కనపడదు, చదివేవాళ్లకి మాత్రమే కనపడాల.

తెల్లచీర, విరబోసిన జుట్టు పెట్టకండి. ఒకే మంచం మీద అటు తిరిగి పడుకున్న మనిషి వీపు ఉంది చూడండి, దానికన్నా భయం ఇంకోటి లేదు.

3వ పేజీకి ఏ4 పేపర్ నిలువుగా పెట్టుకుని ఆరు ప్యానెళ్లు, అంటే బొమ్మల గళ్లు, వరసకి రెండు, మధ్యలో ఖాళీ 5 మిల్లీమీటర్లు. ఆమె సంగటి ముద్ద చేస్తా ఉంటాది, ఆయన వాకిట్లో చెప్పులు విడుస్తాడు. "అన్నం పెట్టేదా?" "తినొచ్చినా." ఎవరింట్లో తిన్యావు అని ఆమె అడగదు, సంగటి మీద మూత పెడతాది అంతే. ఆ అడగని మాట ఎక్కడుండాలంటే మూత పెట్టే ప్యానెల్‌కీ తర్వాత దానికీ మధ్య ఖాళీలో, అందుకే ఆ ఒక్క ఖాళీని 1 సెంటీమీటర్ చేసి నల్ల ఇంకుతో నింపేయండి, మిగతావన్నీ తెల్లగానే వదలండి. ఆయన్ని రాక్షసుడిలా మాత్రం గీయకండి దయచేసి, అట్లా గీస్తే చదివేవాళ్లు ఆమె పక్క చేరిపోతారు, ఇంక వాళ్లకి భయం ఉండదు, ఆయన కూడా ఏదో మింగినోడే.

మాటలు రాసే బెలూన్‌ని ముందే గీయొద్దు. తెలుగులో పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య చోటు ఎక్కువ కావాల, పెన్సిల్‌తో మాట రాసుకుని దాని చుట్టూ బెలూన్ వేయండి, లేకపోతే వత్తులు బెలూన్ అంచుని తగులుతాయి.

ఇంక పేజీ తిప్పడం. పుస్తకంలో 1వ పేజీ కుడివైపు వస్తాది, అందుకని సరిసంఖ్య పేజీలు తిప్పితేనే కనపడతాయి, ఉలిక్కిపడే బొమ్మ ఎప్పుడూ అక్కడే. 3లో ఆఖరి ప్యానెల్ లైట్ స్విచ్ మీద ఆమె చెయ్యి. తిప్పితే 4వ పేజీ మొత్తం ఒకటే బొమ్మ: ఇద్దరూ వీపులు తిప్పి పడుకున్నారు, గీత మంచానికి చానా పైకి పోయింది, ఆమె జుట్టు, ఆయన లుంగీ అంచు నీళ్లలో ఉన్నట్టు పైకి తేలుతా ఉన్నాయి. నీళ్లు గీయకండి, ఒక్క అల కూడా వద్దు.

వచ్చే పాఠంలోపు ఈ రెండు పేజీలకీ ఇంక్ చేసుకోండి. 5వ పేజీలో తెల్లారుతాది, ఆమె తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికి పోతాది.