కారం పొడి కవరుకు అంటుకుపోతోందా? స్టాటిక్ ఇలా తగ్గించండి

చిత్తూరు ఎండల్లో కారం, పసుపు ప్యాక్ చేసేవాళ్లకు ఈ తలనొప్పి బాగా తెలుసు. కవరు నోరు ఒక పట్టాన తెరుచుకోదు, పొడి అడుక్కి జారకుండా అంచులకు పట్టుకుంటుంది, పొడి పట్టిన చోట సీలు నిలవదు. పాలిథీన్ కరెంటును పోనివ్వదు కాబట్టి రోలర్ల మీద రాసుకున్నప్పుడు పుట్టిన విద్యుత్ చార్జ్ ఎటూ పోలేక కవరు మీదే ఉండిపోతుంది, దీన్నే స్టాటిక్ అంటారు.

ముందు పరీక్ష చేయండి. కవరును పొడి నూలు గుడ్డతో పదిసార్లు రుద్ది, చిన్న కాగితం ముక్కల పైన రెండంగుళాల ఎత్తులో పట్టుకోండి. ముక్కలు ఎగిరొచ్చి అంటుకుంటే చార్జ్ ఉన్నట్టే.

తర్వాత, ఆర్డర్ ఇచ్చేటప్పుడు "యాంటీస్టాటిక్ కలిపిన ఫుడ్ గ్రేడ్ ఫిల్మ్" అని స్పష్టంగా అడగండి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, ఎందుకంటే స్లిప్ వేరు, యాంటీస్టాటిక్ వేరు. ఎరుకమైడ్ లాంటి స్లిప్ కలిపితే కవర్లు ఒకదాని మీద ఒకటి నున్నగా జారతాయి గానీ చార్జ్ పోదు. చార్జ్ పోవాలంటే గ్లిసరాల్ మోనోస్టియరేట్ లాంటిది ఉండాలి. అది మెల్లగా ప్లాస్టిక్ లోపలి నుంచి పైకి వచ్చి గాలిలోని తేమను పట్టుకుంటుంది, కంటికి కనపడని ఆ తేమ పొర మీదుగా చార్జ్ జారిపోతుంది. ఏమీ కలపని పాలిథీన్ ఉపరితల నిరోధం 1 పక్కన 14 సున్నాలు పెట్టినన్ని ఓమ్‌లకు పైనే ఉంటుంది, ఈ యాంటీస్టాటిక్ మందు బాగా పనిచేస్తే 10, 11 సున్నాలకు దిగుతుంది.

కొత్త రోల్ వచ్చిన రోజే తేల్చేయకండి. మందు పైకి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆ తర్వాత కాగితం పరీక్ష మళ్లీ చేయండి.

అప్పటికీ తగ్గకపోతే డోసు పెంచమని మాత్రం వెంటనే అడగొద్దు, మందు ఎక్కువైతే కవరు జిడ్డుగా తయారై ప్రింటు ఊడుతుంది, సీలు కూడా బలహీనపడుతుంది. ముందు గదిలో తేమ చూడండి. తేమ కొలిచే చవక హైగ్రోమీటరైనా గోడకు తగిలించండి, తేమ 30 శాతం కంటే తక్కువుంటే ఎంత మంచి మందైనా సరిగా పనిచేయదు. అలాగని నీళ్లు చల్లితే కారం గడ్డకడుతుంది. మే నెలలో నేనైతే మెషీన్‌కు ఎర్తింగ్ సరిచూసి, సీలింగ్‌కు ముందు ఐయనైజర్ బార్ (గాలిలోకి అయాన్లు వదిలి కవరు మీది చార్జ్‌ను తీసేసే పరికరం) పెట్టిస్తాను.

ఇంకోటి, కవర్లను తడిగుడ్డతో తుడవకండి, పైకొచ్చిన మందంతా గుడ్డకే పోతుంది.