మన ఊరి పాత రాళ్లు – 4వ పాఠం: చూసింది, విన్నది, అనుకున్నది

పోయిన పాఠం ఇంటిపని చూశాను. ఎక్కువమంది తమ ఊరి పాత రాతి లొకేషన్ బాగానే తీశారు. ఒక్క పొరపాటు మాత్రం పదేపదే కనపడింది, అక్షాంశం, రేఖాంశం రెండు అంకెలూ తారుమారు. 14.44, 79.99 అంటే నెల్లూరు. అదే 79.99, 14.44 అని రాస్తే మన నెల్లూరు ఉత్తర ధ్రువం దాపున, నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో తేలుతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వరకు చిన్న అంకె ముందు, పెద్ద అంకె తర్వాత అని గుర్తుపెట్టుకుంటే చాలు. చుక్క తర్వాత ఐదు అంకెలు రాయండి, అప్పుడు మీటరు దాకా లెక్క వస్తుంది. మూడే రాస్తే వంద మీటర్ల దాకా తేడా రావచ్చు. కంపచెట్లలో వంద మీటర్లంటే ఒక పూట వెతుకులాట.

ఇవాళ ఆ రాతి వివరాల నమోదు రాయడం నేర్చుకుందాం. ఈ పాఠాలన్నిట్లోకీ నాకు ముఖ్యమనిపించేది ఇదే.

వింజమూరు దాటి ఉదయగిరి వైపు పోతుంటే ఒక ఊరి చెరువుకట్ట కింద నడుమెత్తు వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టిన రాయి, ఉంది. గుర్రమెక్కిన మనిషి, చేతిలో ఈటె, పైన సూర్యచంద్రులు. అడుగున ఒక వరుస అక్షరాలు, కొన్ని మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. ఊళ్లోవాళ్లు దాన్ని ‘గుర్రపాయన’ అంటారు. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో అక్కడికి వెళ్లాను. దూరంగా ఉదయగిరి కొండ కనపడుతోంది. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. ఇంకేముంది, గుర్రం, ఈటె, కోట మూడూ కలిపేసి, “విజయనగర కాలపు వీరగల్లు, ఉదయగిరి యుద్ధంలో చనిపోయిన వీరుడిది” అని రాసేశాను.

రెండేళ్ల తర్వాత పాత లిపి చదవగలిగిన ఒక మాస్టారిని అక్కడికి తీసుకెళ్లాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసి, “ఈ అక్షరాలు రాయలవారికి కొన్ని వందల ఏళ్ల ముందువి నాయనా” అన్నారు. ఇంటికొచ్చి నా నమోదు దిద్దుకున్నాను. అప్పటికే నా వాక్యం ఇంకొకరి జాబితాలోకి, అక్కడి నుంచి తిరణాల్లో పంచిన కరపత్రంలోకి పోయింది. దిద్దుబాటు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ ఊరి పిల్లలు ఇప్పటికీ దాన్ని రాయలవారి సైనికుడి రాయి అనే చెప్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

అందుకే నోట్‌బుక్‌లో పేజీకి మూడు గళ్లు గీయండి. చూసింది, విన్నది, అనుకున్నది. ఒక గడిలోది ఇంకో గడిలోకి రాకూడదు.

మొదటి గడిలో కన్ను, టేపు, దిక్సూచి చెప్పిందే రాయాలి. గుర్రపాయనకి నేను ఇప్పుడు రాసుకున్నది ఇది:

“నల్లరాతి పలక. నేల పైన ఎత్తు 92 సెం.మీ., వెడల్పు 54, మందం 16. ముఖం దక్షిణానికి. చూసేవాళ్ల కుడివైపుకు నడుస్తున్న గుర్రం, దాని మీద మనిషి, చేతిలో పొడవాటి ఆయుధం. పై అంచున ఎడమవైపు గుండ్రటి గుర్తు, కుడివైపు నెలవంక. కింద ఒక వరుస అక్షరాలు, చివరివి మట్టిలో. పై మూల విరిగింది. విరిగినచోట నాచు పట్టి ఉంది.”

సూర్యుడు అనలేదు, గుండ్రటి గుర్తు అన్నాను. ఈటె అనలేదు, పొడవాటి ఆయుధం అన్నాను. మొదట్లో ఇలా రాయడం చాదస్తంగా అనిపిస్తుంది. పదేళ్ల తర్వాత ఆ రాయి అక్కడ లేకపోతే, దాన్ని ఎన్నడూ చూడనివాళ్లకి ఈ ఆరేడు ముక్కలే ఆధారం.

రెండో గడికి ఓపిక కావాలి. టేపు పట్టుకుని నిలబడితే ముందు వచ్చే ప్రశ్న, “ఏంది నాయనా, భూముల సర్వేనా?” కాదు తాతా, ఈ రాయి గురించి తెలుసుకుందామని వచ్చామని చెప్పి, పక్కన కూర్చోండి. గుర్రపాయన గురించి అసలు సంగతి నాకు అలాగే తెలిసింది. “అది ఈడ కాదు నాయనా ఉండేది. పాటిదిబ్బ కాడ ఉండేది. మా నాయన రోజుల్లో బండి మీద ఏసుకొచ్చి ఈడ నిలబెట్టారు” అన్నాడు ఒక తాత. ఒక్క మాటతో నేను కొలిచిన దక్షిణ ముఖానికి, తీసిన లొకేషన్‌కి అర్థం మారిపోయింది. రెండూ ఇప్పటివి, అసలువి కావు. ఈ సంగతి ఏ ఫోన్ యాప్ చెప్పదు. ఆయన అన్నది ఆయన మాటల్లోనే రాసుకోండి, మన భాషలోకి దిద్దకండి. అనుమతి అడక్కుండా పేరు రాయొద్దు, ‘సుమారు డెబ్బై ఏళ్ల రైతు’ అంటే చాలు.

పాటిదిబ్బ అన్న మాట వినపడితే చెవులు రిక్కించండి. ఒకప్పుడు ఊరుండి పాడుపడిన చోటు అది. ఆ మన్ను బలమైనదని తరతరాలుగా పొలాలకు తోలుకున్నారు. కాబట్టి “పాటిమన్ను ఎక్కడినుంచి తోలేవాళ్లు?” అని అడిగితే మ్యాపులో లేని పాత ఊరు బయటపడుతుంది. అలాగే ‘రాకాసి గుళ్లు’, ‘పాండవుల గుళ్లు’ అంటే పెద్దపెద్ద బండలతో కట్టిన పాత సమాధులు కావచ్చు.

మూడో గడిలో మీ ఊహ రాయండి, తప్పేం లేదు. ఎందుకలా అనుకున్నారో, ఏ తేదీన అనుకున్నారో కూడా రాయండి. “గుండ్రటి గుర్తు సూర్యుడు కావచ్చు. వీరగల్లు మీద సూర్యచంద్రులను చెక్కితే, ఆ కీర్తి వాళ్లున్నంతకాలం ఉండాలని.” ఊహ అని తెలిసేలా ఉంటే ఇంకొకరు దిద్దగలరు.

ప్రపంచంలో ఈ పని చేసే వాలంటీర్లు కూడా ఇదే జాగ్రత్త తీసుకుంటారు. ఆండీ బర్న్‌హామ్ 2001లో మొదలుపెట్టిన పాత రాళ్ల వెబ్‌సైట్ మెగాలిథిక్ పోర్టల్‌లో ప్రతి చోటుకీ లొకేషన్ ఎంత కచ్చితమో ఐదుకి ఇన్ని అని వేస్తారు. తెలియనిది తెలియదని ఒప్పుకునే ఏర్పాటు అది. మన దగ్గరా పాత ఉదాహరణ ఉంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను తాలూకాల వారీగా మూడు సంపుటాల్లో అచ్చువేశారు. అందులో కందుకూరు నెల్లూరు జిల్లాలోది. 1970లో ప్రకాశంలోకి పోయింది, 2022లో మళ్లీ నెల్లూరుకి వచ్చింది. జిల్లా పేరు మారుతుంది, ఊరి పేరు, అంకెలు నిలుస్తాయి. మూడూ రాయండి.

ఇక ఫోటో. అక్షరాలు కనపడాలంటే వెలుగు రాతి మీద పక్కగా జారాలి. తూర్పు ముఖం రాతికి పొద్దున ఏడింటికి ఎండ ఎదురుగా కొట్టి అంతా పాలిపోతుంది. అదే రాయిని పదకొండు దాటాక చూడండి, పైనుంచి జారే ఎండలో గీతలు లేస్తాయి. దక్షిణ ముఖం రాతికి చలికాలం ఉదయమో, సాయంత్రమో మంచిది. ఎండ కుదరకపోతే రాతిని నీడలో ఉంచి ఒకరు అద్దం పట్టుకుని పక్కనుంచి వెలుగు కొట్టండి. గుర్రపాయన దగ్గర మేం అదే చేశాం. గోడకి తగిలించే మామూలు అద్దాన్ని కొద్దిగా వంచేసరికి, అప్పటిదాకా గరుకుగా కనపడిన చోట ఒక అక్షరం తలకట్టుతో సహా తేలింది. మా గుంపులో ఉన్న ఇంటర్ పిల్ల “అదిగో, అదిగో” అని కేక పెట్టింది. పక్కన నలుపు తెలుపు గళ్ల స్కేలు పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి తీయండి.

పిండి, సుద్ద, పసుపు పుయ్యొద్దు, అవి గీతల్లో ఇరుక్కుపోతాయి. చీపురుపుల్లతో నాచు గోకొద్దు. అక్షరాలు మట్టిలో ఉన్నాయని తవ్వొద్దు, ఆ పని పురావస్తు శాఖది.

లొకేషన్ అందరికీ చూపాలా వద్దా అన్నది బాగా ఆలోచించాలి. 2017లో పురావస్తు శాస్త్రవేత్త సారా పార్కాక్ మొదలుపెట్టిన వెబ్‌సైట్ గ్లోబల్‌ఎక్స్‌ప్లోరర్‌లో వాలంటీర్లు పెరూ ఉపగ్రహ చిత్రాల్లో దొంగ తవ్వకాల గుంతలు వెతికారు. ఆ చిత్రం ఎక్కడిదో వాళ్లకే చెప్పలేదు, దొంగల చేతిలో పడకూడదని. మన దగ్గర గుప్తనిధుల పిచ్చితో గుళ్లు, రాళ్లు తవ్విపోసే సంగతి మీకు తెలిసిందే. ఊరి మధ్య, పూజలందుకునే రాయి అయితే అంకెలు బయటపెట్టండి. కాపలా లేని పాటిదిబ్బ, రాకాసి గుళ్లు అయితే బయటికి ఊరి పేరు వరకే. అసలు అంకెలు మీ నోట్‌బుక్‌లో, అధికారులకిచ్చే కాగితంలో ఉంటే చాలు.

ఇంటిపని: మీ ఊళ్లో ఒక్క రాయి తీసుకోండి, గుడి ముందు ధ్వజస్తంభం అడుగు రాయైనా సరే. మూడు గళ్లూ నింపండి. తర్వాత మొదటి గడిని రాయి చూడని మనిషికి చదివి వినిపించి, బొమ్మ గీయమనండి. ఆ బొమ్మ పట్టుకుని రాయి దగ్గరికి వెళ్లండి. ఎక్కడ తేడా వస్తే అక్కడ వాక్యం మళ్లీ రాయాలి.

వచ్చే పాఠంలో పాటిదిబ్బ మీద కనపడే కుండపెంకులను చేత్తో ఎత్తకుండా ఎలా నమోదు చేయాలో చూద్దాం. ఒక మీటరు తాడు, నాలుగు పుల్లలు సిద్ధం చేసుకోండి.