నలభై దాటాక మళ్లీ ఊరింటికి: సామాను కంటే ముందు చూసుకోవలసినవి

ఉద్యోగం పోయో, కాపురం చెడో, వ్యాపారం మునిగో ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఇంటికి తిరిగి రావాలనుకుంటే వెంటనే సామాను లారీ ఎక్కించకండి. ముందు రెండు జతల బట్టలతో వచ్చి నాలుగు రోజులు ఉండి చూడండి.

ఆ నాలుగు రోజుల్లో అసలు మాట్లాడవలసింది రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనిషితో. చాలా ఇళ్లలో అది వదిన. అన్నయ్య "ఇది నీ ఇల్లే కదా, వచ్చెయ్" అనేస్తాడు, కానీ సిలిండరు ఎన్నాళ్లొస్తుందో తెలిసింది ఆవిడకే. బియ్యం, గ్యాసు, పాలు, కూరలు, కరెంటు కాగితం మీద రాసి, తినే మనుషుల లెక్కన భాగించండి. నలుగురున్న ఇంటికి మీరొకరు చేరాక నెల ఖర్చు 12,500 అయితే మీ వంతు 2,500. ఒకటో తారీఖున ఆవిడ చేతికే ఇవ్వాలి. అమ్మ చేతిలో పెడితే అది ఇంటి లెక్కలోకి రాదు, మాటలు మీదకొస్తాయి. డబ్బు లేకపోతే పని ఒప్పుకోండి, అదీ పేరు పెట్టి: నీళ్లు పట్టడం, నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లడం. "సాయం చేస్తాలే" అంటే ఎవరికీ లెక్క తేలదు.

మూసి ఉంచిన పెంకుటింటి గదైతే వానలకు ముందే పెంకులు సర్దించండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూపించాకే మెయిన్ వేయండి. చెమ్మ ఆరని గోడకి సున్నం వేస్తే పెచ్చులూడుతుంది. మరమ్మతుకు మీరు పెట్టిన డబ్బు రాసుకోండి, దాంతో వాటా పెరుగుతుందని మాత్రం అనుకోకండి. ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో పట్టా ఎవరి పేరున ఉందో చూసుకోండి. ఒడియా రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి. వాటా మాట మొదటి ఆరు నెలలూ ఎత్తకపోవడమే మంచిది.

ఆధార్‌లో చిరునామా మార్చడానికి మీ పేరున కరెంటు బిల్లు అక్కర్లేదు. కుటుంబ పెద్ద ఆధార్ ద్వారా అడగవచ్చు, ఆయన 30 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో ఒప్పుకోవాలి. పెద్దవాళ్లకు ఫోన్లో ఇది తెలియక గడువు దాటిపోతుంది, పక్కన కూర్చుని చేయించండి. ఓటు ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 పెట్టాలి. జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదైతే పక్క రాష్ట్రం రేషన్ కార్డు మీదా ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకి ఆ వీల్లేదు. పిల్లలుంటే టీసీ తెచ్చుకోండి.

ఇక "సెలవెన్నాళ్లు?" అని మొదటి వారంలోనే అరుగుల మీద అడుగుతారు. "ఇక్కడే ఉంటున్నాడు" అని ఇంట్లో అందరూ ఒకే మాట చెప్పేలా ముందే అనుకోండి. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబితే సాయంత్రానికి వీధిలో నాలుగు కథలు తిరుగుతాయి.