విదేశంలో ఫోన్ పలకనప్పుడు: తిరుపతి నుంచి బయలుదేరేవారికి సమస్య - పరిష్కారం

పిల్లలను చూడటానికి తిరుపతి నుంచి అమెరికా వెళ్లే పెద్దలకైనా, చిత్తూరు వైపు పల్లెల నుంచి కువైట్‌కు పనికి వెళ్లేవారికైనా, విమానం దిగాక ఫోన్ పలకకపోతే కలిగే కంగారు ఒకటే. అయితే అక్కడ బయటపడే సమస్యల్లో అధిక భాగానికి మూలం ఆ దేశంలో ఉండదు, ఇక్కడ చేయకుండా వదిలేసిన చిన్న పనిలో ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో అక్కడికక్కడ చేసుకోదగిన సవరణతో పాటు, పుత్తూరు, నగరి మీదుగా చెన్నైకో, పలమనేరు మీదుగా బెంగళూరుకో కారెక్కకముందే ముగించుకోవలసిన పనిని కూడా చెబుతున్నాను.

ఫోన్‌లో రెండు సిమ్‌లకు వీలుంటే మన నంబరును కాల్స్‌కూ ఓటీపీలకూ ఉంచుకుని, ఇంటర్నెట్‌కు ఆ దేశపు సిమ్ గానీ ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) గానీ వాడుకోవడం ఉత్తమమని నా అభిప్రాయం. రెండు పనులనూ ఒకే సిమ్ మీద వేసినప్పుడే చిక్కులు ఎక్కువగా వస్తాయి.

సమస్య: సిగ్నల్ గీతలే కనిపించడం లేదు

విమానం దిగి ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసిన తరువాత ఫోన్ అక్కడి నెట్‌వర్క్‌ను పలకరిస్తుంది. ఆ నెట్‌వర్క్ మన కంపెనీని అడిగి, ఈ సిమ్‌కు అనుమతి ఉందని తేల్చుకున్న తరువాతే సేవ ఇస్తుంది. దీనికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు కాబట్టి వెంటనే సెట్టింగులన్నీ మార్చడం మంచిది కాదు. కొంతసేపటికీ రాకపోతే ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి. అప్పటికీ ఫలితం లేకపోతే నెట్‌వర్క్ ఎంపికను 'ఆటోమేటిక్' నుంచి తప్పించి, జాబితాలో కనిపించే పేర్లలో మన కంపెనీకి ఒప్పందం ఉన్నదాన్ని చేత్తో ఎంచుకోవాలి. ఆ పేరు రోమింగ్ ప్యాక్ వివరాల్లో ఉంటుంది, దాన్ని ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటే నెట్ లేనప్పుడు అక్కరకు వస్తుంది.

ఏ నెట్‌వర్కూ అంగీకరించకపోతే అంతర్జాతీయ రోమింగ్ (మన సిమ్ విదేశీ నెట్‌వర్క్ మీద పనిచేసే సౌకర్యం) మొదలు కాలేదని అనుమానించాలి. విమానాశ్రయం వైఫైతో కంపెనీ యాప్ తెరిచి ప్యాక్ వేసుకోవచ్చు. కానీ కొన్ని చోట్ల ఆ వైఫైకే ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి, సిగ్నలే లేని ఫోన్‌కు అది చేరదు. ఈ ముడి విప్పడం కంటే ఇంటి దగ్గరే ప్యాక్ వేసుకోవడం తేలిక.

ఇక మూడో కారణం ఫోన్‌దే. సింగపూర్ 2017లో 2జీని ఆపేసింది, అమెరికా పెద్ద కంపెనీలు 2022లో 3జీని మూసివేశాయి, ఆస్ట్రేలియాలో 2024 చివరికి 3జీ కూడా ముగిసింది. మన దగ్గర నిక్షేపంగా పనిచేసే బటన్ల ఫోన్ గానీ, పాత తక్కువ ధర స్మార్ట్‌ఫోన్ గానీ అక్కడి 4జీ తరంగాలను అందుకోలేకపోవచ్చు. దీనికి సెట్టింగులలో మందు లేదు, వేరే ఫోన్ తీసుకోవలసిందే.

సమస్య: గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం రావడం లేదు

ముందు చూడవలసినది 'డేటా రోమింగ్' మీట. మామూలు మొబైల్ డేటా మీట వేసి ఉన్నా ఇది విడిగా ఉంటుంది, చాలా ఫోన్లలో మొదట ఆపివేసి ఉంటుంది. రెండు సిమ్‌లు ఉంటే డేటాకు ఎంచుకున్నది ఏ సిమ్మో కూడా చూడాలి. అక్కడి సిమ్ కొన్నా డేటా ఎంపిక మన సిమ్ మీదే ఉండిపోవడం సాధారణంగా జరిగేదే. ఈ రెండూ సరిగా ఉన్నప్పటికీ రాకపోతే ఏపీఎన్ అనే అమరిక చూడాలి. అది ఫోన్‌ను ఇంటర్నెట్‌కు చేర్చే ద్వారం పేరు, ఒక్కో కంపెనీకి ఒక్కో విధంగా ఉంటుంది. పాత సిమ్ పేరు అలాగే ఉండిపోతే కొత్త సిమ్‌కు సిగ్నల్ వచ్చినా నెట్ రాదు. సిమ్‌తో ఇచ్చిన అట్ట మీద రాసిన పేరును ఎక్కిస్తే సరిపోతుంది.

సమస్య: నెట్ ఉంది, కాల్స్ వెళ్లడం లేదు

ఇందులో సగం నంబరు రాసుకున్న తీరు వల్లనే. ఫోన్‌లో పది అంకెలతోనో, ముందు సున్నాతోనో దాచుకున్న నంబరును విదేశీ నెట్‌వర్క్ మన దేశానిదని గుర్తించదు. ప్రతి నంబరునూ +91తో మొదలుపెట్టి దాచుకోవాలి. ల్యాండ్‌లైన్లకు ఎస్‌టీడీ కోడ్ ముందున్న సున్నా తీసేయాలి. అంటే తిరుపతి 0877 కాస్తా +91 877 అవుతుంది, చిత్తూరు 08572 కాస్తా +91 8572 అవుతుంది. ప్లస్ గుర్తు లేని ఫోన్ నుంచి చేసేటప్పుడు దానికి బదులు అమెరికాలో 011, కువైట్‌లో 00 నొక్కాలి. బ్యాంకుల 1800 నంబర్లు బయటి దేశాల నుంచి సాధారణంగా కలవవు, విదేశాల్లో ఉన్నవారి కోసం బ్యాంకు విడిగా ఇచ్చే నంబరును ముందే రాసుకోవాలి.

నంబరు సరిగానే ఉండి, నెట్ కూడా నడుస్తూ, కాల్ మాత్రమే తెగిపోతుంటే వోల్ట్ఈ, అంటే కాల్స్‌ను 4జీ మీద నడిపే సౌకర్యం, చూడాలి. 2జీ, 3జీ లేని దేశంలో మాట కూడా 4జీ మీదనే సాగాలి. ఫోన్‌లో ఆ మీట ఆపి ఉన్నా, మన కంపెనీకి అక్కడ వోల్ట్ఈ రోమింగ్ ఒప్పందం లేకపోయినా డేటా వస్తుంది, మాట రాదు.

గల్ఫ్ సంగతి వేరు. యూఏఈలో వాట్సాప్ సందేశాలు వెళ్తాయి గానీ వాట్సాప్ కాల్స్‌ను అక్కడి నెట్‌వర్క్‌లు అడ్డుకుంటాయి. ఫోన్ చెడిపోయిందనుకుని యాప్ తీసేసి మళ్లీ వేయడం వల్ల ప్రయోజనం ఉండదు, పైగా నంబరు ధ్రువీకరణ మళ్లీ మొదటికి వస్తుంది. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌ను ఇంట్లోవారి ఫోన్లలో కూడా ముందే వేయించి, ఒకసారి మాట్లాడి చూసుకుని వెళ్లడం మంచిది.

సమస్య: ఓటీపీ రావడం లేదు

కాల్ రాకపోతే వాట్సాప్‌లో మాట్లాడుకోవచ్చు, నెట్ లేకపోతే వైఫై వెతుక్కోవచ్చు, కానీ ఓటీపీకి ప్రత్యామ్నాయం దొరకడం కష్టం. బ్యాంకు పని, ఆధార్ పని, చివరికి ఊరికి వచ్చేటప్పుడు శ్రీవారి మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ముందే తీసుకోవడానికి తితిదే సైటులో లాగిన్ కావడం కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి కారణం, మన సిమ్ ఫోన్‌లో లేకపోవడం. అక్కడి సిమ్ వేయడానికి దాన్ని తీసి పర్సులో దాచినవారికి ఓటీపీ ఎలా వస్తుంది? రెండో కారణం, సిమ్ ఉన్నా రోమింగ్ లేకపోవడం. ఎస్ఎంఎస్ అందుకోవడానికి డేటా రోమింగ్ అవసరం లేదు, సిమ్ ఏదో ఒక నెట్‌వర్క్‌కు అతుక్కుని ఉంటే చాలు. కాబట్టి ఖర్చుకు భయపడేవారు డేటా రోమింగ్ మీటను ఆపి, సిమ్‌ను మాత్రం ఆన్‌లో ఉంచవచ్చు.

మూడో కారణం ఎక్కువమంది గమనించనిది: రీచార్జి గడువు. సందర్శకుల వీసా మీద అమెరికా వెళ్లిన పెద్దలకు సాధారణంగా ఆరు నెలల వరకు ఉండే అనుమతి ఇస్తారు, వారి ఫోన్‌లో వేసుకున్న ప్యాక్ మాత్రం నెలకో మూడు నెలలకో ముగుస్తుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరు మీద 90 రోజుల పాటు ఏ వాడకమూ లేకపోతే దాన్ని నిలిపివేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలు ఉంటే అవి తీసుకుని మరో 30 రోజులు పొడిగించాలి. నిలిపివేసిన నంబరు కొంతకాలానికి ఇంకొకరికి వెళ్తుంది, అప్పుడు మన బ్యాంకు సందేశాలు వారి చేతికి చేరతాయి. ఇంత ప్రమాదం ముందు ఏడాది ప్యాక్ ఖర్చు లెక్కలోకి రాదు. అప్పటికే గడువు దగ్గర పడితే, తిరుపతిలో ఉన్న ఇంటివారు ఎవరైనా ఆ నంబరుకు రీచార్జి చేయవచ్చు.

యూపీఐ గురించి ఒక హెచ్చరిక. ఆ యాప్‌ను కొత్త ఫోన్‌లో వేసినా, తీసి మళ్లీ వేసినా, ఖాతాకు జోడించిన నంబరు నుంచి అది తనంతట తానే ఒక ఎస్ఎంఎస్ పంపి ధ్రువీకరించుకుంటుంది. విదేశంలో ఆ సందేశం వెళ్లకపోతే యాప్ తెరుచుకోదు. అందువల్ల పిల్లలు కొనిచ్చిన కొత్త ఫోన్‌లోకి మారినా, పాత ఫోన్‌లోని యూపీఐ యాప్‌ను తిరిగి వచ్చేవరకు కదిలించకూడదు.

సమస్య: అమెరికా ఐఫోన్‌లో మన సిమ్ పెట్టే చోటే లేదు

2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ ట్రే లేదు, అన్నీ ఈ-సిమ్‌లే. కొడుకు పంపిన ఫోన్ తీసుకుని మురిసిపోయిన తరువాత ఈ విషయం తెలుస్తుంది. మన సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్పించడమే పరిష్కారం, ఆ పని ఇక్కడే చేయించాలి. ఎందుకంటే అందుకు సాధారణంగా అదే నంబరుకు వచ్చే సందేశానికి జవాబు ఇవ్వవలసి ఉంటుంది. పైగా సిమ్ మార్చిన తరువాత 24 గంటల పాటు మోసాల నివారణ కోసం ఎస్ఎంఎస్‌లు నిలిపివేస్తారు, కాబట్టి ప్రయాణం రోజున గానీ ముందురోజు గానీ మార్పించరాదు. ఇప్పటికే అక్కడికి చేరిపోయినవారు తమ పాత ఫోన్‌లోనే సిమ్ ఉంచి, రోమింగ్‌తో ఇంట్లో ఒక మూల ఛార్జింగ్‌కు పెట్టి, ఓటీపీలు అందులో చూసుకోవచ్చు.

ప్రయాణాల కోసం విడిగా కొనే ఈ-సిమ్ ఎక్కకపోతే ముందు *#06# నొక్కి చూడాలి. ఈఐడీ అనే అంకెల వరుస కనిపించకపోతే ఆ ఫోన్‌కు ఈ-సిమ్ సౌకర్యం లేనట్టే. కనిపించినా ఎక్కించడానికి నెట్ కావాలి, అందుకే ఇంటి నుంచే ఎక్కించుకోవాలి. ఎక్కిన ఈ-సిమ్‌ను పొరపాటున తొలగిస్తే, కొన్నప్పుడు ఎక్కించడానికి ఇచ్చిన క్యూఆర్ కోడ్ చాలా సందర్భాల్లో రెండోసారి పనిచేయదు.

సమస్య: డబ్బు వాడకుండానే కరిగిపోయింది

ఫొటోలు తమంతట తామే క్లౌడ్‌కు ఎక్కడం, యాప్‌లు అప్‌డేట్ కావడం తరచుగా కనిపించే కారణాలు. వీటిని వైఫైకే పరిమితం చేయాలి. ఐఫోన్‌లో 'సెల్యులర్ డేటా స్విచింగ్' అనే మీట ఆన్‌లో ఉంటే అక్కడి సిమ్ బలహీనపడినప్పుడు డేటా మన సిమ్ మీదికి జారుతుంది, దాన్ని ఆపాలి. కాల్ ఫార్వర్డింగ్ ఉంటే మనం ఎత్తని కాల్ తిరిగి ఇండియాకు వెళ్లి రెండు వైపులా ఛార్జీ పడవచ్చు, ##002# నొక్కి బయలుదేరే ముందే రద్దు చేసుకోవాలి. విమానాల్లో, విహార నౌకల్లో ఉపగ్రహం ద్వారా నడిచే నెట్‌వర్క్‌లు మామూలు ప్యాక్‌ల కిందికి రాకపోవచ్చు, వాటి ధర చాలా ఎక్కువ. అక్కడ ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయకపోవడమే మేలు.

సమస్య: ఫోన్ లేదా సిమ్ పోయింది

వైఫై ద్వారా గానీ, ఇంటివారి ద్వారా గానీ కంపెనీకి చెప్పి వెంటనే సిమ్‌ను నిలిపివేయించాలి, తరువాత బ్యాంకులకు తెలిపి యూపీఐని ఆపించాలి. రీచార్జి చేసినట్టుగా డూప్లికేట్ సిమ్‌ను ఇంటివారు తీసుకురాలేరు, నంబరు ఎవరి పేరు మీద ఉందో వారే గుర్తింపు పత్రంతో రావాలి. కాబట్టి నంబరు లేనప్పుడు కూడా బ్యాంకు సందేశాలు చేరేలా ఖాతాకు ఈ-మెయిల్ జోడించి ఉందో లేదో బయలుదేరే ముందు చూసుకోవాలి. నంబరు తండ్రి పేరు మీదో, మరొకరి పేరు మీదో ఉంటే దాన్ని తమ పేరుకు మార్చుకోవడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, ఆ పనిని టికెట్ కొన్న వారంలోనే మొదలుపెట్టాలి.