గేమ్ విడుదలకు ముందు: ఫిజిక్స్ (ఆటలో వస్తువులు, పాత్రలు కదిలే తీరు) పేటెంట్ల జాగ్రత్తలు

• కోడ్ మనమే రాశాం కదా అని ధీమా వద్దు. పేటెంట్ పట్టుకునేది పనిచేసే పద్ధతిని.

• సారాంశం చూసి టెన్షన్ పడకండి, క్లెయిములు (పేటెంట్ దేనిపై హక్కు కోరుతుందో చెప్పే వాక్యాలు) చదవండి. ఒక క్లెయిములోని అంశాలన్నీ మన ఆటలో ఉంటేనే చిక్కు.

• ప్రాధాన్య తేదీ (కొత్తదనాన్ని లెక్కగట్టే తొలి దరఖాస్తు తేదీ) తప్పక చూడండి. 2024 సెప్టెంబరులో పాల్‌వరల్డ్ ఆట తయారీదారు పాకెట్‌పెయిర్‌పై నింటెండో టోక్యోలో దావా వేసింది. ఆ పేటెంట్ల దరఖాస్తులు ఆట విడుదలయ్యాక వేసినవే, ప్రాధాన్యం మాత్రం 2021 డిసెంబరు నుంచి! దావా నడుస్తుండగానే, 2025 మేలో, గాల్లో తేలే పద్ధతిని పాకెట్‌పెయిర్ మార్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి అలాంటి భాగాన్ని విడిగా మార్చుకునేలా రాసుకోండి.

• కేవలం ప్రోగ్రాంకు మన దేశంలో పేటెంట్ లేదు, పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె). కానీ ఆటల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో అమ్మేది జపాన్, అమెరికాల్లో కూడా. అక్కడి పేటెంట్లూ వెతకండి.

• గడువు తీరిన పేటెంట్లలోని పద్ధతులు నిశ్చింతగా వాడుకోవచ్చు.